గిన్నె అడుగున గోళ్ళరంగు

మా ఆయన బాసోకి ఆగడం రాదు. అన్నం ఉడికేలోగా నాలుగుసార్లు మూత తీసి చూస్తాడు, తర్వాత పలుకుగా ఉందని నన్నంటాడు. ఒక పని అయ్యాకే మరో పని మొదలుపెట్టేవాళ్ళంటే ఆయనకు జాలి. పులుసు మరుగుతుండగా బట్టలు ఉతుక్కోవచ్చు కదా అని సోఫాలో పడుకుని సలహా ఇస్తాడు.

ఈసారి ఆ తొందర దీవుల దాకా పాకింది. మా మకస్సర్ నగరం ఎదుట సముద్రంలో ఉన్న చిన్న దీవుల్లో డాక్టర్లుండరు, ప్రసూతి నర్సులే దిక్కు. వాళ్ళ కోసం బాసో ఒక సెర్చ్ ఇంజన్ తయారుచేస్తున్నాడు. అది మాటల్ని కాదు, భావాన్ని పట్టుకుని వెతుకుతుంది. రక్తస్రావం అని రాయక్కర్లేదు, గుడ్డలు తడిసిపోతున్నాయని రాసినా సరైన పేరా తేవాలి. అందుకు వైద్య పుస్తకాల్లోని ప్రతి పేరానూ దాని అర్థాన్ని బట్టి అంకెల వరుసగా మార్చాలి. మా పాత కంప్యూటరు ఒకదాని తర్వాత ఒకటిగా ఐదు గంటలు నమిలేది. శనివారం ఒక స్నేహితుడు కొత్త గ్రాఫిక్స్ కార్డు అరువిచ్చాడు. ఆదివారానికల్లా బాసో ప్రోగ్రాం తిరగరాసి, ఎనిమిది మంది పనివాళ్ళు ఒకేసారి పనిచేస్తున్నట్టుగా పెట్టాడు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఆ సంగతి ఇల్లంతా తిరిగి చెప్పాడు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి నేనే ఐదుసార్లు విన్నాను.

మంగళవారం పదిగంటలకు ఊళ్ళో ఒక హాల్లో దాని ప్రారంభం. నలభై మంది నర్సులు పడవల్లో వస్తున్నారు. వాళ్ళలో ఒకరు ఆయన అక్క మస్నియర్. మా వైపు అక్కను కాక్ అంటారు. సోమవారమే చేపలతో దిగి, మా వంటింటిని స్వాధీనం చేసుకుంది.

మంగళవారం పొద్దున్న సొంకోలో అనే జిగురన్నం తింటూ ఆవిడ ఫోను తీసింది. "కాన్పయింది, గుడ్డ మీద గుడ్డ తడుస్తోంది, ఆగట్లేదు" అని టైపు చేసింది. జవాబు చూసి నమలడం ఆపేసింది.

"ఒరేయ్ బాసో, బిడ్డ బొడ్డు పొడిగుడ్డతో తుడవమంటోందేమిట్రా ఇది?"

"తల్లీ బిడ్డా ఒకే సందర్భం కదా కాక్, లోతైన సంబంధం పట్టుకుంది."

"లోతు సంగతి సముద్రానికి చెప్పు. అక్కడ మనిషి పోతోంది."

"మళ్ళీ అడిగి చూడండి, ఇంకొంచెం స్పష్టంగా."

"రక్తం కారుతుంటే స్పష్టంగా ఎలా రాయన్రా?"

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. మస్నియర్ దీవి నుంచి పెద్దాసుపత్రికి పడవలో మూడు గంటలు. నేను ఆ ఫోను తీసుకుని, పుస్తకంలోంచే ఒక పేరా అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. ఆ పేరాతోనే వెతికితే ఆ పేరానే రావాలి. నాలుగు పేజీల అవతలిది వచ్చింది. ఇంకోటి చేశాను. ఈసారి మూడు పేజీల ఇవతలిది.

"డేంగ్, ఏది అడిగినా పక్కింటి జవాబు వస్తోంది," అన్నాను. మా వైపు భర్తను పిలిచే మాట అదే.

"టెన్రీ, ఇది నీ లైబ్రరీ బీరువా కాదు. నీకర్థం కాదులే."

నేను చదివింది లైబ్రరీ సైన్సే. ఆ పట్టా బియ్యం డబ్బా పైన గోడకు వేలాడుతోంది. దాన్ని ఒకసారి చూసి, గిన్నెలు కడగడానికి వెళ్ళాను. మస్నియర్ తెచ్చిన గిన్నె బోర్లించితే అడుగున ఎర్ర గోళ్ళరంగుతో ఆవిడ పేరు. మా దగ్గర పెళ్ళయితే ముప్ఫై ఇళ్ళ గిన్నెలు ఒకే కుళాయి కిందికి వస్తాయి. వచ్చిన వరుసలో ఏవీ తిరిగి వెళ్ళవు, అడుగున పేరు చూసే పంచుతాం. నేను రంగు పూస్తుంటే బాసో ఎప్పుడూ నవ్వేవాడు, మన గిన్నె మనకు తెలీదా అని.

తడిచేతులతోనే వెళ్ళాను.

"డేంగ్, మీ ఎనిమిది మందీ మొదలెట్టిన వరుసలోనే పని ముగిస్తారా?"

"ఎందుకు ముగిస్తారు? చిన్న పేరాలు దొరికినవాడు ముందు ముగిస్తాడు. వేగమంటే అదే."

"మరి వచ్చిన అంకెలు ఏ పేరావో మీకెలా తెలుస్తుంది?"

"వచ్చినవి వచ్చినట్టు వరుసలో..." అని ఆగిపోయాడు. పాత కంప్యూటరులో ఒక్కడే పనివాడు కాబట్టి వరుస ఎప్పుడూ తప్పలేదు.

ఎనిమిదిన్నర. ప్రతి పేరాకూ ఒక నంబరు, ఆ నంబరు అంకెలతోపాటే వెళ్ళి అంకెలతోపాటే రావాలి. రాయడానికి నలభై నిమిషాలు పట్టింది, నడవడానికి తొమ్మిది. ఆ తొమ్మిది నిమిషాలూ ఆయన మూత తీసి చూడలేదు. మస్నియర్ ఆయన వెనక నిలబడి గోళ్ళు కొరుకుతోంది. తొమ్మిది ఇరవైకి ఆవిడ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. గర్భసంచిని పైనుంచి గట్టిగా మర్దనా చెయ్యండి, వెంటనే సహాయం పిలవండి. మొదటి జవాబే అది.

నేను ఊపిరి వదిలాను. ఆయన వదల్లేదు.

"ఏంటి డేంగ్?"

"ఆదివారం ఆరుగురు నర్సులకి లింకు పంపాను. వాడి చూడమని."

ఫోనులో ఆ ఆరు పేర్లూ చూపించాడు.

"ఎవరైనా వాడారా?" అంది మస్నియర్.

"నిన్నటికి పదిహేడు ప్రశ్నలు. ఎవరు ఏమడిగారో తెలీదు. ఇప్పుడు బాగైంది కదా కాక్. చెప్తే ఇంకెవరూ దీన్ని ముట్టుకోరు. రెండేళ్ళ పని."

మస్నియర్ తమ్ముడి వైపు చూడలేదు. చెప్పులు వేసుకుంటూ, "ఆ ఆరుగురిలో ఒకామె ఇవాళ రాలేదు. కాన్పుందట," అంది.

ముగ్గురం హాలుకి బయల్దేరాం. మోటారుసైకిలు మీద ఆయన వీపుకి ఆనుకుని కూర్చుంటే గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. నాదో ఆయనదో చెప్పలేను. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. తెర మీద పెద్ద అక్షరాలతో తొమ్మిది నిమిషాలు అని ఉంది. బాసో ఆ పేజీ తీసేశాడు. మైకు తీసుకున్నాడు.

"ముందు ఇవాళ కాన్పుందని రాని నర్సు దీవికి ఫోను చెయ్యండి ఎవరైనా," అన్నాడు. "ఆదివారం నుంచి ఇది చెప్పిన జవాబు ఏదీ నమ్మొద్దని చెప్పండి. తొందరలో ఏ జవాబు ఎవరిదో చూసుకోలేదు. మా ఆవిడ చెప్తే నీకర్థం కాదులే అన్నాను. అర్థం కానిది నాకు. తప్పు నాదే."