సీసాలో నింపిన కొరత

బయల్దేరేనాటికి సీతారాం చేతిలో ఉన్నవి ఇవి: కామారెడ్డి స్టేషను ఎదుట దుకాణం, మైసన్న తోలే ఎడ్లబండి, ఎల్లారెడ్డిలో సిరాజుద్దీన్ ఇచ్చిన మాట. తను తెప్పించుకున్న ఆమ్లం సీసా చెడకుండా చేరితే తన ప్రయోగాల కొట్టానికి సరుకంతా సీతారాం దగ్గరే కొంటానన్నాడు.

సిరాజుద్దీన్ జర్మనీలో రసాయనశాస్త్రం చదివొచ్చినవాడు. భాస్వరం, ఫ్లోరిన్ కలిసిన ఆమ్లంతో చెదలు పట్టని కట్టె తయారుచేస్తాడట. అంత చదివొచ్చి చెదపురుగులతో పోట్లాడుతున్నాడని సీతారాంకు నవ్వు.

బొంబాయి నుంచి రైల్లో దిగిన ఆ ఆమ్లం ఆముదంలా చిక్కగా, రంగు లేకుండా ఉంది. పొగ కూడా లేదు. చింతపండు పులుసుకే ఇంతకన్నా పౌరుషముందనుకున్నాడు సీతారాం.

లింగంపేట దాటుతుంటే బండి గుంతలో పడింది. సీసా మూతి మైనం పగిలి, బిరడా ఊడి, నాలుగు వేళ్ల మందం ఆమ్లం గంపలోని గడ్డిపాలైంది. సీతారాం తాగునీళ్ల కుండ అందుకున్నాడు. నూనె డబ్బాల్లో కొరత కనబడనివ్వని చెయ్యి అది.

"నీళ్లు తగలొద్దని సాబు మరీమరీ చెప్పిండు గద, సావుకారూ!"

"చదువుకున్నోళ్లకు నీళ్లంటే భయం రా. అందుకే తానం గూడ చెయ్యరు. నువ్వు ఎడ్లను చూస్కో."

తగ్గినంత నీళ్లు పోసి, మైనం కరిగించి మళ్లీ మూశాడు. ఎద్దు కుంటడంతో రెండు రోజులు దారిలోనే ఆగారు. ఎండకు సీసా ఉడికింది.

ఎల్లారెడ్డిలో సిరాజుద్దీన్ గంపలోంచి సీసా పైకి తీశాడు. లోపలి గాజు మజ్జిగ పూసినట్టు తెల్లగా మసకబారింది.

"నీళ్లు కలిపినవా, సేఠ్?"

"పిల్లలమీద ఒట్టు, సాబ్! గాజే నాసిరకం."

"పొడిగుంటే ఇది గాజును ముట్టదు. నీళ్లు తగిల్తే విరిగిపోయి, అండ్లకెళ్లి ఫ్లోరిన్ ఆమ్లం పుడతది. గాజును తినేది అది. నీ పిల్లలను ఎందుకు తెస్తవు మధ్యల?"

సీతారాం బిరడా తీసి వేలితో లోపలి మసక తుడవబోయాడు.

"చెయ్యి పెట్టకు! తోలు, కండ తిని బొక్కదాక పోతది. నీ చేతికి ఇంకా ఎన్ని సీసాలు నింపే పనున్నదో!"

సిరాజుద్దీన్ సీసాను పటకారుతో పట్టుకెళ్లి సున్నపు గోలెంలో దించాడు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

తిరుగుదారిలో సీతారాం లెక్క చూసుకున్నాడు. కొట్టం బేరం పోయింది, ఎద్దు కాలు పోయింది, మాట పోయింది. లాభమంటూ దక్కింది ఒక్కటే: కామారెడ్డి దాకా మైసన్న ఆపుకోలేని నవ్వు.