గడియారాల తాత ప్రమాణం

ప్రతి ఉదయం తొమ్మిదిన్నరకు ప్రమాణాలమ్మ న్యాయస్థానం మెట్లెక్కి, మోచేతుల దాకా చేతులు కడుక్కొని, వాటిని తుడుచుకోకుండా గాలికే ఆరనిచ్చి, తన గదిలోని గోడబీరువా తెరిచేది. ఆ బీరువాలో మూడు గూళ్లు. ఒకటి యూదుల గ్రంథానికి, ఒకటి క్రైస్తవుల గ్రంథానికి, ఒకటి ముస్లింల గ్రంథానికి. ఒకటి పైనా ఒకటి కిందా ఉంటే మాటపట్టింపులు వస్తాయని, వెనకటి పెద్దలెవరో ముందుచూపుతో మూడింటినీ పక్కపక్కనే కట్టించారు.

మూడు గ్రంథాలకూ ఒకే పనివాడు ఒకే కొలతకు అట్టలు కట్టాడు. మూడింటికీ గుడ్డ తొడుగులు కుట్టినవాడు ప్రమాణాలమ్మ భర్త. ఆయన దర్జీ. కుట్టిన కొత్తలో ఒకటి నీలం, ఒకటి పసుపు, ఒకటి ముదురెరుపు. ఇరవయ్యేడేళ్లు నెలకోసారి ఉతికి ఇస్త్రీ చేశాక మూడూ బూడిదరంగుకే వచ్చాయి. ఏది దేనిదో ఇప్పుడు అంచు కుట్టును తడిమి చూసే ఆమె వేళ్లకు మాత్రమే తెలుసు.

సాక్షి బోనెక్కగానే ఆమె అతని మతం అడిగి, అతని గ్రంథాన్ని రెండరచేతులమీదా పట్టుకొని ఎదురుగా నిలబడేది. సాక్షి కుడిచెయ్యి తొడుగుమీద ఆనించి ప్రమాణం చేసేవాడు. తొడుగు విప్పే ఆచారం లేదు. సాక్ష్యం ముగిసేదాకా చెయ్యి తీసే ఆచారమూ లేదు. సాక్షి నిజం చెబుతున్నంతసేపూ గ్రంథం పుస్తకమంత బరువే ఉండేది. అబద్ధమాడితే బరువెక్కేది. రాతగుమాస్తా వాంగ్మూలం అడుగున ‘తేలిక’ అనో ‘బరువు’ అనో ఒక్క మాట రాసి, తేదీ వేసి, కాగితం తిప్పేవాడు. అందులో వింతపడాల్సిందేముందని ఆ ఊళ్లో ఎవరికీ తోచలేదు.

ఒకసారి వంతెన కట్టిన కాంట్రాక్టరు ప్రమాణం చేసి రెండు వాక్యాలు పలికాడో లేదో, ప్రమాణాలమ్మ నడుము వంగిపోయింది. బంట్రోతు అలవాటు చొప్పున స్టూలు జరిపి, “ఎంతుందమ్మా ఈసారి?” అన్నాడు.

“సిమెంటు బస్తా అంతుంది నాయనా.”

“పోనీలెండి. వంతెనలో వెయ్యని బస్తా ఇక్కడైనా వేశాడు.”

ప్రమాణాలమ్మ ముస్లిం. కానీ ఆమె చేతులకు ఒక మతముందని ఇరవయ్యేడేళ్లలో ఎవరూ అనుకోలేదు, ఆమే అనుకోలేదు.

ఆ ఏడాది వానలు వదలకుండా కురిసిన నెలలో బస్సు డ్రైవరు కేసు వచ్చింది. ఒక సాయంత్రం నాలుగు గంటలకు వంతెనమీద ఒక మనిషిని గుద్ది, ఆపకుండా వెళ్లిపోయాడని అభియోగం. రుజువైతే ఏడేళ్లు జైలు. ఆ వేళకు తాను గడియారాల దుకాణంలో కూర్చొని ఉన్నానని డ్రైవరు చెప్పాడు. అందుకు సాక్షి ఒక్కడే: ఎనభై రెండేళ్ల గడియారాల తాత.

తాత క్రైస్తవుడు. బోనెక్కి, కళ్లజోడు సవరించుకొని, తొడుగుమీద చెయ్యి వేశాడు. “నాలుగింటికి ఇతని వాచీ వెనకమూత తీశానండి. అయిదింటికి పావుగంట తక్కువలో మూసేశాను. ఆ ముప్పావుగంటా నా ఎదురుగానే కూర్చొని నా బుర్ర తిన్నాడు.”

“టైము అంత కచ్చితంగా ఎలా చెబుతావు?” అన్నాడు సర్కారు వకీలు.

“నా గోడనిండా గడియారాలే బాబూ. ఒకటి అబద్ధమాడితే మిగతావి ఊరుకోవు.”

అందరూ నవ్వారు. ప్రమాణాలమ్మ మాత్రం నవ్వలేదు. తాత చెయ్యి ఆనిన క్షణానే ఆమె అరచేతికి ఒక సంగతి తెలిసింది. క్రైస్తవుల గ్రంథం ఎడమనుంచి తెరుచుకుంటుంది. దాని వీపు ఆమె ఎడమచేతిలో ఉండాలి. ఇప్పుడు ఆ గట్టి అంచు కుడిచేతిలో ఉంది. వానకు తడి ఆరని రెండు తొడుగుల్ని నిన్న హడావిడిగా వేసినప్పుడు యూదుల నీలంగుడ్డా క్రైస్తవుల పసుపుగుడ్డా తారుమారయ్యాయి. తాత చెయ్యి యూదుల గ్రంథంమీద ఉంది.

ఆపాలి. “అయ్యా, పొరపాటు జరిగింది” అనాలి. ఆ నిండు సభలో, ఇరవయ్యేడేళ్ల పేరును నెత్తిన మోస్తూ నిలబడ్డ మనిషికి ఆ మూడు మాటలూ నోటివెంట రాలేదు. తాత సాక్ష్యం ముగించి దిగాడు. గ్రంథం పుస్తకమంత బరువే ఉంది. గుమాస్తా ‘తేలిక’ అని రాశాడు.

ఆ సాయంత్రం ఆమె తొడుగులు సరిచేసింది. పన్నెండో రోజున గడియారాల తాత దుకాణంలో కుర్చీలో కూర్చొనే కన్నుమూశాడు. ఇక ఆయన చేత మళ్లీ ప్రమాణం చేయించే దారి లేదు.

“ఆ రోజు తొడుగులు మార్చి వేశానండీ,” అంది ఆమె భర్తతో, ఆయన కాజాలు కుడుతుండగా.

దర్జీ సూది ఆపాడు. “నీకు అప్పుడే తెలిసిందా?”

“లేదు. సాయంత్రం బీరువాలో పెట్టేటప్పుడు తెలిసింది.”

ఆయన ఆమె ముఖం వంక కాసేపు చూసి, మళ్లీ సూది అందుకున్నాడు. “చెప్పకపోతే ఎవరి కొంపా మునగదు. చెబితే ఒక కొంప మునుగుతుంది. ఆలోచించుకో.”

ఆమె ఆలోచించుకుంది. తీర్పునాటి ఉదయం డ్రైవరు తల్లి కోర్టు వరండా బల్లమీద, రోజూ కూర్చునే చోటనే కూర్చొని, ఆమెను చూసి లేచింది.

“అమ్మా, ఈరోజు నాకు భయం లేదు. ఆ పెద్దాయన దేవుడి ఎదట చెప్పాడు. దేవుడు విన్న మాట ఎక్కడికి పోతుంది?”

ప్రమాణాలమ్మ తలూపి లోపలికి నడిచింది.

తీర్పుకు ముందు న్యాయమూర్తి ఒక్కొక్క సాక్షినీ పేర్కొని “ప్రమాణం సక్రమమేనా?” అని అడగడం, ప్రమాణాలమ్మ లేచి “సక్రమం” అనడం అక్కడి రివాజు. ఇరవయ్యేడేళ్లలో ఆమె న్యాయమూర్తితో పలికిన మాట అదొక్కటే.

“గడియారాల పనివాడు. ప్రమాణం సక్రమమేనా?”

ఆమె లేచింది. న్యాయమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిదానంగా ఎదురుచూశారు. వరండాలోంచి తల్లి తొంగిచూసింది.

“కాదయ్యా,” అంది ప్రమాణాలమ్మ. “తాత చెయ్యి వేసింది ఆయన గ్రంథంమీద కాదు. యూదుల గ్రంథంమీద.”

కోర్టు తేనెతుట్టె కదిలినట్టయింది. సర్కారు వకీలు లేచి నిలబడ్డాడు. “అయితే ఆ ప్రమాణం చెల్లదండి. ఆయన పిలిచింది ఒకరిని. చెయ్యి వేసింది ఇంకొకరి వాకిట్లో.”

“ముగ్గురిదీ ఒకే దేవుడు కదండీ,” అంది డ్రైవరు తరఫు లాయరమ్మ. “అబ్రహామును ముగ్గురూ తమ పెద్ద అనే చెప్పుకుంటారు.”

“పెద్ద ఒక్కడైతే కాపురం ఒకటవుతుందా తల్లీ? మనకొచ్చే తగాదాల్లో సగం ఒకే తండ్రి బిడ్డలవే. ఒకరు దేవుడికి కుమారుడున్నాడంటారు. ఆ మాటే తగదంటారు మిగతా ఇద్దరూ. పోనీ ఆ ఇద్దరైనా ఒక ప్రవక్త దగ్గర ఆగుతారా అంటే, అదీ లేదు.”

“ఒకే మనిషిని ముగ్గురు సాక్షులు మూడు రకాలుగా వర్ణించడం రోజూ చూస్తూనే ఉన్నాం. ఒకరు పొడుగంటారు, ఒకరు పొట్టంటారు. అంతమాత్రాన మనుషులు ముగ్గురయిపోయారా?”

“అవ్వరు. కానీ వాళ్లు చూసింది ఒకే మనిషినని ముందు నువ్వు రుజువు చెయ్యాలి. లేకపోతే ముగ్గురి సాక్ష్యమూ కొట్టెయ్యమంటాను.”

“గ్రంథం తేలిగ్గా ఉంది కదండీ!”

“వినని చెవికి అబద్ధం కూడా తేలికే తల్లీ.”

డ్రైవరు బోను కడ్డీ పట్టుకొని నేల చూశాడు.

న్యాయమూర్తి కళ్లజోడు పెట్టుకున్నారు. “ఈ కోర్టుకు రోడ్డు ప్రమాదాలమీద అధికారముంది. దేవుడిమీద ఉన్నట్టు నాకెవరూ చెప్పలేదు. కానీ ఇప్పుడు ఈమె చెప్పిందీ సాక్ష్యమే. ప్రమాణం చేసి చెప్పాలి.”

ఆమె తన గ్రంథం తేవడానికి బీరువా గదివైపు కదిలింది.

“అది కాదమ్మా. ఆ పెద్దాయన చెయ్యి వేసిన గ్రంథమే పట్టుకురా.”

“దానివల్ల ఏం తేలుతుందండి?” అన్నాడు సర్కారు వకీలు. “ఈవిడ నిజమే చెబుతుంది. అది ఎలాగూ తేలిగ్గానే ఉంటుంది.”

“తేలకపోతే తేలలేదనే రాసుకుందాం. ఎవరు పట్టుకుంటారు?”

“నేనే పట్టుకుంటానండి,” అన్నాడు వకీలు, కోటు చేతులు పైకి లాక్కుంటూ.

ప్రమాణాలమ్మ మొదటిసారి బోనెక్కింది. ఇన్నేళ్లూ కిందినుంచి మోసిన గ్రంథంమీద పైనుంచి చెయ్యి ఆనించింది. తన భర్త కుట్టిన కుట్టు వేళ్లకు తగిలింది. జరిగింది జరిగినట్టు చెప్పింది: వాన, తడి ఆరని తొడుగులు, హడావిడి. వకీలు చేతులు కదలలేదు.

“తొడుగులు మారాయని నీకెప్పుడు తెలిసింది?” అన్నారు న్యాయమూర్తి.

నిజం చెప్పాలనే ఆమె నోరు తెరిచింది. కానీ భర్తకు చెప్పి, తనకు తాను వందసార్లు చెప్పుకొని, అరిగి నున్నబడిన మాట ఒకటి నాలుక చివరే ఉంది. అదే ముందు జారింది.

“సాయంత్రం అయ్యా. బీరువాలో పెట్టేటప్పుడు.”

వకీలు మోచేతులు కుంగాయి. గ్రంథం జారిపోతుందేమోనని ఆయన బిగించి పట్టుకున్నాడు. అది ఆయననే కిందికి తీసుకుపోయింది. నడుము వంగింది. ఒక మోకాలు నేలకు తగిలింది, రెండోదీ తగిలింది. ఆ బరువులో మోటుదనం లేదు, దెబ్బ లేదు. నిద్రపోతున్న పసిబిడ్డ ఒడిలో బరువెక్కినట్టు, తొందరలేకుండా, తిరుగులేకుండా పెరిగింది. లక్షసార్లు చూసిన సంగతిని అప్పుడే చూస్తున్నవాళ్లలా అందరూ లేచి నిలబడ్డారు. బంట్రోతు మొట్టమొదటిసారి స్టూలు సంగతి మరిచిపోయాడు.

ప్రమాణాలమ్మ కింద మోకాళ్లమీదున్న వకీలువైపు చూసింది. తన భాషలో లేని గ్రంథం, తాను ఏనాడూ తెరవని గ్రంథం, తన అబద్ధాన్ని విన్నది.

“కాదయ్యా!” అంది. కళ్లనీళ్లు తొడుగుమీద పడ్డాయి. “తాత చెయ్యి ఆనిన క్షణానే తెలిసింది. అందరిముందూ ఆపడానికి సిగ్గేసింది. నా పేరు పోతుందని ఊరుకున్నాను.”

బరువు దిగిపోయింది. వకీలు మోకాళ్లమీదే ఉండి, పుస్తకమంత బరువున్న పుస్తకాన్ని చూస్తూ ఉండిపోయాడు.

న్యాయమూర్తి అందరినీ కూర్చోమన్నారు. “ముగ్గురి దేవుడూ ఒక్కడేనా అన్న ప్రశ్న ఈ కోర్టు ముందు లేదు, ఉన్నా తేల్చే చదువు నాకు లేదు. ఒక మతం గ్రంథం ఇంకొక మతం మనిషి మాట విన్నదని మాత్రం ఈ కోర్టు కళ్లారా చూసింది. గడియారాల తాత మాటనూ విన్నదనే నమ్ముతున్నాను. విన్నా తేలిగ్గానే ఉంది. డ్రైవరు నిర్దోషి.”

వరండాలో తల్లి ఏడుపు వినిపించింది. గుమాస్తా కలం పట్టుకొని తటపటాయించాడు. “అయ్యా, ప్రమాణాలమ్మ వాంగ్మూలం కింద ఏం రాయమంటారు?”

“జరిగిందే రాయి. ముందు బరువు, తరువాత తేలిక.”

తన పేరు కింద ఒక్కసారి ‘బరువు’ అని పడ్డ మనిషి మళ్లీ గ్రంథాలు పట్టకూడదన్నది ఆ కోర్టు నియమం. అది న్యాయమూర్తికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

సాయంత్రం ఆమె బీరువా తాళంచెవి బల్లమీద పెట్టి కూర్చుంది. సర్కారు వకీలు తొడుగుతో సహా గ్రంథాన్ని మోసుకొని గది గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటిదాకా ఆయన దాన్ని కింద పెట్టలేదు.

“అమ్మా, ఒక్క మాట. మూడూ మోశారు మీరు. మూడింటిమీదా అబద్ధాలు విన్నారు. ఆ బరువు... దేనికదే వేరుగా ఉంటుందా?”

ఆమె కళ్లు మూసుకుంది. ఏ కాంట్రాక్టరు ఏ గ్రంథంమీద చెయ్యి వేశాడో, ఏ మేనమామ ఏ గ్రంథంమీద మేనకోడలి ఆస్తి కాజేశాడో, ఇరవయ్యేడేళ్ల బరువులూ ఒక్కొక్కటే చేతుల్లోకి తెచ్చుకుంది. ఇన్నేళ్లలో వాటిని ఒకదానిపక్కన ఒకటి పెట్టి చూడాలని ఆమెకెన్నడూ తోచలేదు.

“నొప్పి ఒకేచోట పుడుతుందండీ,” అంది నెమ్మదిగా, ఎడమచేతి మణికట్టుకు రెండు వేళ్ల కింద చూపిస్తూ. “ఇక్కడ. ఏ గ్రంథమైనా ఇక్కడే.”

వకీలు గ్రంథాన్ని గుండెకు ఆనించుకొని, కోటు చెయ్యి వెనక్కి తోసి, తన ఎడమ మణికట్టు చూసుకున్నాడు. రెండు వేళ్ల కింద కమిలి ఉంది.

తరువాత ఆయన గ్రంథాన్ని ఆమె బల్లమీద పెట్టి, కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కొని, తుడుచుకోకుండా వచ్చి, ఆరేదాకా నిలబడి, రెండరచేతులమీదా దాన్ని అందుకున్నాడు.

“ఏ గూట్లో పెట్టమంటారమ్మా?”

“దాని గూట్లోనే బాబూ,” అంది ప్రమాణాలమ్మ. “ఎవరి గూడు వాళ్లదే.”