ఐసు వ్యానులో తీసుకెళ్లిన మనిషి

ఎలిజబెత్‌ని ఐసు వ్యానులోకి ఎక్కించడం శౌరమ్మ కళ్లారా చూసింది. ఒకడు చంకల కింద చేతులేసి, ఇంకొకడు కాళ్లు పట్టుకుని, ఖాళీ రొయ్యల ట్రేల మధ్య ఆ పిల్లని పడుకోబెట్టారు. నోటి నుంచి నురగ కారుతోంది. కళ్లు ఎర్రగా తెరుచుకునే ఉన్నాయి.

"అంబులెన్సుని పిలవండయ్యా! నూట ఎనిమిదికి కొట్టండి!" శౌరమ్మ అరిచింది.

"గేటు కాడికి అంబులెన్సు వస్తే రోడ్డంతా గుమిగూడుద్ది. వచ్చే వారం ఫారిన్ బయ్యర్లు వస్తున్నారు. ఇందులోనే తొందరగా చేరుస్తాం, నువ్వు లోపలికి నడు," అన్నాడు సూపర్‌వైజరు.

"నేనూ వస్తా. అది నా అక్క కూతురు!"

"నడవమంటుంటే!"

వ్యాను తలుపు ధడేలుమని పడింది. వెనక గేటు నుంచి వెళ్లిపోయింది.

గన్నవరం దాటాక హైవే పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీ అది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు తలలు తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి అమెరికా పంపుతారు. నాలుగొందల మంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఆ రోజు ఫ్రీజింగు గదిలో గొట్టం అతుకు వదిలి అమ్మోనియా చిమ్మింది. లోపల పదకొండు మంది ఉన్నారు. తలుపుకి బయట గడియ. సరుకు తొందరగా వెళ్లాల్సిన రోజుల్లో పని మధ్యలో ఎవరూ బయటికి రాకుండా గడియ వేయించడం మేనేజరు పెట్టిన పద్ధతి. పిడికిళ్లతో బాదగా బాదగా ఎవరో వచ్చి తీశారు. కళ్లు కనపడక గోడవైపు పోతున్న ఒక ముసలామెను ఎలిజబెత్ తలుపు దాకా లాక్కొచ్చి బయటికి తోసింది. తను మాత్రం గడప దాటలేకపోయింది.

శౌరమ్మకు యాభై రెండేళ్లు. పన్నెండో ఏట నుంచి ఊడ్పుల్లో వంగిన నడుము ఆమెది. ఊళ్లో రామకోటేశ్వరరావు గారి మాగాణిలో పేట ఆడవాళ్లందరికీ ఊడ్పులు, కలుపులు, కోతలు ఉండేవి. తర్వాత వరికి గిట్టుబాటు లేదన్నారు. డాలర్లు తెచ్చే పంట వేయమన్నారు. ఆయన ముందు పదెకరాలు రొయ్యల చెరువులుగా తవ్వించాడు, తర్వాత మొత్తం తవ్వించాడు. పక్క చేలల్లోకి ఉప్పు ఊరింది. వాళ్లూ తవ్వారు. వంద మంది వంగి నాటిన చోట ఇద్దరు కాపలావాళ్లు మిగిలారు. పేటలో బావి నీళ్లు నోట పెట్టలేకుండా పోయాయి. చేతిలో పని లేక కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి మళ్లీ రామకోటేశ్వరరావు గారే వచ్చి, "ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తా, బస్సు నేనే పెడతా," అన్నాడు. అట్లా ఆయన కంట్రాక్టరు కూడా అయ్యాడు.

భయపడుతున్న ఎలిజబెత్‌ని చెయ్యి పట్టుకుని ఆ బస్సెక్కించింది శౌరమ్మే. "ఏం కాదే, నేను లేనా?" అంది ఆ రోజు.

ఎలిజబెత్ మొగుడు ఫిలిప్ ఆటోనగర్లో లారీ మెకానిక్కు. శౌరమ్మ ఫోను చేస్తే చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా బెజవాడ పెద్దాసుపత్రికి పరుగెత్తాడు. ఎలిజబెత్ పేరు చెప్పి వార్డు వార్డూ అడిగాడు. ఆ పేరుతో ఎవరూ లేరు. ఐసు వ్యానులో వచ్చినవాళ్లు స్ట్రెచరు మీద పెట్టి, పేరు చెప్పకుండా జారుకున్నారు. డాక్టర్లు చూసేసరికే ఊపిరి లేదు. చివరికి శవాల గదిలో, గుర్తుతెలియని స్త్రీ అని కట్టిన చీటీ చూసి, దుప్పటి తీసి, ఫిలిప్ అక్కడే కూలబడ్డాడు.

మర్నాడు శౌరమ్మ అతన్ని తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. మేనేజరు లక్ష్మీకాంత్ మర్యాదగా కుర్చీ వేయించాడు.

"సారీ అండీ. చాలా బాధాకరం. కానీ మా దగ్గర ఆ పేరుతో ఎవరూ పనిచేయట్లేదండీ."

"నా పక్కన నిలబడి మూడేళ్లు చేసింది బాబూ," అంది శౌరమ్మ.

"కంట్రాక్టరు పంపే మనుషులతో మాకు సంబంధం ఉండదమ్మా. మీ కంట్రాక్టర్ని అడగండి."

కంట్రాక్టర్ని అడిగితే, తను బస్సు మాత్రమే నడుపుతానన్నాడు.

ఆ సాయంత్రం పాతిపెట్టారు. పేట సమాధుల దొడ్డికి మూడు వైపులా రొయ్యల చెరువులే. మూడడుగులు తవ్వగానే గుంటలోకి ఉప్పునీళ్లు ఊరాయి. ఫిలిప్ దిగి బకెట్టుతో తోడటం మొదలుపెట్టాడు. తోడినకొద్దీ ఊరుతున్నాయి. పాస్టరు గారు బైబిలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. "చాల్లేరా, చీకటి పడుద్ది," అని ఎవరో అన్నారు. అతను వినిపించుకోలేదు.

"నీళ్లల్లో పెట్టమంటారా? దానికి చలంటే పడదు. నీళ్లల్లో ఎట్టా పెడతా?"

పేటలోని మగాళ్లంతా తలా బకెట్టు పట్టుకుని దిగారు. అయినా చివరికి నీళ్లల్లోనే పెట్టారు.

మూడో రోజు చర్చి వరండాలో ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఫిలిప్ పిలిస్తే ఆటోనగర్ నుంచి హనుమయ్య వచ్చాడు. వర్కుషాపు కార్మికుల సంఘంలో తలపండినవాడు. ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే సింధూరి కూడా వచ్చింది. ఆ ఊరి చిన్న రైతు కూతురు. వాళ్ల రెండెకరాలు కూడా ఉప్పుకే పోయాయి.

"అమెరికా వాడు సుంకం పెంచాడంట. ఈ టైములో గొడవ చేస్తే ఫ్యాక్టరీ మూతపడుద్ది. అంతా మీ మంచికే చెబుతున్నా," అన్నాడు రామకోటేశ్వరరావు. పిలవకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఫిలిప్‌కి ఏదో ఒక సాయం నేను చేయిస్తా. ఆ పిల్ల అక్కడ పనిచేయలేదని ఒక్క సంతకం పెడితే చాలు."

కాగితం, పెన్ను ఫిలిప్ ముందు పెట్టాడు. ఇద్దరు పసిపిల్లలు ఫిలిప్ ఒళ్లో ఉన్నారు. అతను పెన్ను తీసుకున్నాడు.  వద్దనడానికి శౌరమ్మకు నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని వద్దంటుంది?

ఫిలిప్ చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. తర్వాత తలెత్తాడు.

"ఆడ పనిచేయలేదని రాస్తే, మరి యాడ చచ్చిపోయింది బాబూ?"

 రామకోటేశ్వరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆయన వెళ్లాక, ఫ్యాక్టరీలో వాళ్లతోనే పనిచేసే డయానా గట్టిగా అంది: "పోయిందానికి నాకూ ఏడుపుగానే ఉంది. కానీ ఈ పని పోతే నా మొగుడి మందులకి ఎవరిస్తారు? ఊడుపులున్నాయా, కోతలున్నాయా? యాడికి పోవాలి?"

"ఆ మాటే వాళ్లకీ తెలుసమ్మా. యాడికీ పోలేరనే గడియ పెట్టారు," అన్నాడు హనుమయ్య. "ముప్పై ఏళ్ల కిందట దేశం తలుపులు బార్లా తెరుస్తున్నామన్నారు. సరుక్కి తెరిచారు. మనిషికి బయట గడియ వేశారు. మీరు చేయకపోతే ఇంకో ఊరి ఆడాళ్లు చేస్తారని చెబుతారు. ఆ ఊళ్లో మీ పేరు చెబుతారు."

వాదన చీకటి పడేదాకా నడిచింది. చివరికి మూడు మాటలు అనుకున్నారు. ఎలిజబెత్ తమ మనిషేనని ఫ్యాక్టరీ రాసివ్వాలి. తలుపుకి గడియ ఉండకూడదు. గ్యాసు వదిలితే మోగే సైరను పెట్టాలి. బయ్యర్లు వచ్చేలోగా ఫ్యాక్టరీలో అందరి చెవినా ఈ మాట వేయాలి.

బయ్యర్లు వచ్చే రోజు పొద్దున్నే అందరికీ కొత్త గ్లౌజులు, కొత్త బూట్లు ఇచ్చారు. ఏనాడూ లేని పిల్లల గది ఒకటి తెరిచి, అందులో బొమ్మలు పేర్చారు. ఫ్రీజింగు గది గడియ ఊడదీసి, ఆ చోట రంగు పూశారు.

కోట్లు వేసుకున్న ఇద్దరు మగవాళ్లు, ఒక తెల్ల దొరసాని హాలులోకి వచ్చేసరికి, నాలుగొందల మంది గ్లౌజులు విప్పేసి చేతులు ముందుకు చాపి నిలబడ్డారు. ఐసుకి పగిలిన వేళ్లు, రొయ్య ముళ్లకి చీము పట్టిన గోళ్లు. హాల్లో నీళ్లు కారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఈ గదిలో నా బిడ్డ చచ్చిపోయింది," అంది శౌరమ్మ.  "మాకు తెలీదంటున్నారు. మాకందరికీ తెలుసు."

లక్ష్మీకాంత్ నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

సింధూరి ల్యాబు నుంచి బయటికి వచ్చింది. "మీరు వాళ్లకి స్వాగతం చెబుతున్నారని చెప్పాడు శౌరమ్మ గారూ," అంది. తర్వాత దొరసాని వైపు తిరిగి, ఆగి ఆగి, తడబడుతూ, జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఆమె ఉద్యోగం ఆ నిమిషంలోనే పోయింది.

దొరసాని కళ్లలో నీళ్లు తిరిగాయి. శౌరమ్మ చెయ్యి పట్టుకుంది. ఫొటోలు తీసుకుంది. పేటంతా ఆ రోజు ఆశపడింది.

నాలుగో రోజు పేటకి బస్సు రాలేదు. ఐదో రోజూ రాలేదు. ఆరో రోజు తెలిసింది. దొరసాని కంపెనీ ఆర్డరు రద్దు చేసుకుంది. ఇలాంటి చోట సరుకు కొనడం తమకి మచ్చ అని ఉత్తరం రాసిందట. ఎలిజబెత్ గురించి ఒక్క ముక్క లేదు. ఫ్యాక్టరీ సగం మందిని తీసేసింది. పేటవాళ్లు ఒక్కరు కూడా మిగలలేదు.

డయానా శౌరమ్మ గుమ్మం ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది.

"చచ్చింది ఒక్కతి. నువ్వు పేటనంతా చంపావు! దానికి కాదు, మా అందరికీ తవ్వు గుంట!"

శౌరమ్మ లోపలికి వెళ్లి గోడకి ఆనుకుని కూర్చుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. బస్సెక్కించింది తనే, బస్సు లేకుండా చేసిందీ తనే. డయానా అన్నదాంట్లో తప్పేముంది?

మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఆడపడుచు హెలెన్ ఫోను చేసింది. హెలెన్ దిగువన కాలువ చివర మరో రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది.

"వదినా, మాకు డ్యూటీ పన్నెండు గంటలు చేశారు. కొత్త ఆర్డరంట. డబ్బాల మీద మీ సరుకు కొన్న కంపెనీ బొమ్మే ఉంది. కుదరదంటే, గన్నవరం వాళ్లు ఎట్టా పోయారో చూశారుగా అంటున్నారు." గొంతు తగ్గించింది. "మా ఫ్రీజింగు తలుపుకీ బయట గడియే వదినా."

శౌరమ్మ లేచి ముఖం కడుక్కుంది. గడప గడపకీ వెళ్లింది. "ఆర్డరు యాడికి పోయిందో తెలిసింది. మనం కూడా ఆడికే పోదాం. పని అడుక్కోడానికి కాదు. మనకేం జరిగిందో మన నోటితో చెప్పటానికి." కొందరు తలుపులు వేసుకున్నారు. డయానా తలుపు తీయనే లేదు.

మర్నాడు షిఫ్టు మారే వేళకి ఆటోల్లో, నడిచి, డెబ్బై మంది ఆ గేటు ముందు చేరారు. హనుమయ్య, ఫిలిప్, సింధూరి వచ్చారు. అప్పటికే పోలీసులున్నారు. రామకోటేశ్వరరావు కారు చెట్టు నీడన ఆగి ఉంది.

లోపలికి వెళ్లబోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. వాళ్ల కళ్లల్లో భయం, కొంచెం కోపం కూడా. వీళ్లు మన కూడు లాక్కోడానికి వచ్చారా అని.

"మేం మీ పని లాక్కోడానికి రాలా," శౌరమ్మ గొంతెత్తింది. "మేం నోరెత్తామని మా పని తెచ్చి మీకిచ్చారు. రేపు మీరు నోరెత్తితే ఇంకెవరికో ఇస్తారు. వాళ్లు తిరుగుతూనే ఉంటారు. మనమే యాడోళ్లం ఆడ ఒంటరిగా చస్తున్నాం. నా ఎలిజబెత్‌ని ఐసు వ్యానులో ఏసుకుపోయారు. పేరన్నా చెప్పలేదు. మీలో ఎవరికీ అట్టా కాకూడదని వచ్చా."

హెలెన్ తలకి పెట్టుకున్న టోపీ తీసి, గేటు ముందు రోడ్డు మీద కూర్చుంది. పక్కన ఇంకొకామె. తర్వాత పదిమంది. చూస్తుండగానే షిఫ్టు షిఫ్టంతా కూర్చుంది.

"లేవండమ్మా, కేసులవుతాయి," అన్నాడు ఎస్సై. ఎవరూ లేవలేదు. శౌరమ్మని, హనుమయ్యని, సింధూరిని జీపెక్కించారు. జీపుకి అడ్డంగా పడుకున్న ఆడవాళ్లను పక్కకి లాగేసరికి గంట పట్టింది. జీపు కదిలేటప్పుడు శౌరమ్మ వెనక్కి చూసింది. జనంలో చివర, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని డయానా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం ఫిలిప్ స్టేషనుకి వచ్చాడు. కోర్టుకి తీసుకెళ్లే ముందు రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు.

"అత్తా, వాళ్లు ఇంకా ఒప్పుకోలా. మాకు తెలీదనే అంటున్నారు."

శౌరమ్మ తలూపింది. ఇంకో మాట కోసం ఆమె ఎదురుచూడటం లేదు.

"కానీ ఇయ్యాల పొద్దున మూడూళ్లల్లో బస్సులు హారన్లు కొట్టి కొట్టి ఖాళీగా తిరిగిపోయినాయి. హెలెన్ వాళ్ల గేటు కాడ ఇంకా కూర్చునే ఉన్నారు. పేట నుంచి అన్నం వండుకుని పోయారు."

"పిల్లలో?"

"డయానక్క తీసుకుపోయింది. తినిపించి, స్నానాలు చేయించి, ఆ గేటు కాడికే తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీళ్లమ్మ పేరు రాసేదాకా లేవనంటంది."

ఎలిజబెత్ పోయిన నాటి నుంచీ రాని ఏడుపు శౌరమ్మకి అప్పుడొచ్చింది. ఊచలు పట్టుకుని, పక్కనున్న కానిస్టేబులు కూడా తల తిప్పుకునేలా, గుండె పగిలేలా ఏడ్చింది. కోర్టుకి ఆమె పేరు పిలిచారు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నువ్వు కూడా ఆ గేటు కాడికే పో అయ్యా," అంది ఫిలిప్‌తో. "నా కోసం ఈడ నిలబడమాక."