తొలి సొరకాయ

ఈసారి మా పెరట్లో నేను నాటని సొరపాదు ఒకటి లేచింది. అంట్లు తోమిన నీళ్లు పారే చోట దానంతట అదే మొలిచి, బాత్రూం రేకుల మీదికి పాకి, రెండు కాయలు కాసింది. పక్కింటి రాజక్క వచ్చినప్పుడల్లా వాటిని తడిమి చూసి పోయేది.

మా ఆయన పోయినప్పటి నుంచి పట్నంలో, సుబేదారిలో తన దగ్గర ఉండమని నా బిడ్డ భవాని పిలుస్తూనే ఉంది. నేను పోలేదు. వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో పొద్దున్నే మంచుకు తడిసిన చిక్కుడుకాయలు తెంపి, ఎసరు మరిగేలోపు ఈనెలు తీసి వండుకుంటాను. తెంపిన కాయ వాడిపోకముందే ఉడికిపోతుంది. ఆ రుచి వదిలి ఎక్కడికి పోను? అందుకే నా బదులు నా కూరగాయలు సుబేదారికి పోతుంటాయి.

మొన్న మొదటి సొరకాయ కోశాను. తొలి కాయ ఇంటి ఆడపిల్లకు ఇవ్వాలనీ, ఇచ్చే కాయకు గాటు పెట్టకూడదనీ మా అత్త చెప్పేది. గుడ్డలో చుట్టి ఊరి ఆటోలో పంపాను. ఆ సాయంత్రమే భవాని ఫోన్ చేసింది.

"సొరకాయ అప్పాలు చేసిన అమ్మా. మస్తున్నయ్. సాయితేజ అయితే ప్లేటు ఇడువలే."

మనవడు తిన్నాడంటే నా కడుపు నిండింది.

మర్నాడు రెండో కాయ తరిగాను. సొరకాయ వండే ముందు చిన్న ముక్క నాలుక మీద వేసుకుని చూడటం మా అలవాటు. వేసుకున్నాను. కటిక చేదు. ఉమ్మేసి నోరు కడుక్కున్నా గొంతులో అదే చేదు. చేదు సొరకాయ తింటే వాంతులై ప్రాణం మీదికి వస్తుందని మాకందరికీ తెలుసు. రెండు కాయలూ ఒకే పాదువి. మొదటిది పిల్లవాడు తిన్నాడు.

భవానికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

'ఎత్తు బిడ్డా, ఎత్తు' అంటున్న నా గొంతు విని రాజక్క వచ్చింది. "ఏమాయెనే, గట్ల మొత్తుకుంటానవ్?"

"పిల్లగానికి విషం పంపిన రాజక్కా."

ఆమె ముక్క నాకి చూసి ఉమ్మేసింది. "థూ! యాపాకు నయం. అయినా ఫికర్ పడకు. ఏమన్న అయితే ఈపాటికి నీకు చెప్పకపోవునా?"

"దవాఖానల ఉంటే ఫోనెవరు చేస్తరు?"

నేను చీర మార్చుకుని బస్సుకు బయలుదేరుతుండగా ఫోన్ మోగింది.

"ఏందమ్మా, గన్నిసార్లు చేసినవ్? మీటింగ్ల ఉన్న."

"సాయితేజ ఎట్లున్నడు?"

"స్కూలుకు పోయిండు. వానికేమైతది?"

"నిన్న అప్పాలు ఎన్ని తిన్నడే?"

భవాని గొంతు తగ్గించింది. "తిట్టవు గద అమ్మా? అప్పాలే చెయ్యలే. తురిమేటప్పుడు నాలిక మీద ఏసుకున్న. నువ్వు నేర్పిందేనాయె. నోరంత చేదు. చెత్తబండిల ఏసిన."

నేను గడపలోనే కూర్చుండిపోయాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మరి మస్తున్నయని ఎందుకన్నవే?"

"తొలి కాయ అని గంత మురిసిపోతివి. ఎట్ల చెప్పాలె?"

"నీ మాట నమ్మి నేను రుచి చూడకుండనే వండుకుంటే? ఇగ నుంచి చేదుంటే చేదున్నదని చెప్పు."

ఫోన్ పెట్టేసి, రాజక్కా నేనూ కలిసి ఆ పాదును వేళ్లతో సహా పీకేశాం. అప్పుడు గాని ఆకలి తెలియలేదు. చిక్కుడుకాయ కూర వండాను. రాజక్క జొన్నరొట్టెలు తెచ్చింది. పెరట్లో ఎండకు కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాం. కూర అంత కమ్మగా ఎప్పుడూ కుదరలేదనిపించింది.

సాయంత్రం భవాని మళ్లీ ఫోన్ చేసింది.

"అమ్మా, నిజం చెప్పుమన్నవు గద. పోయినవారం పంపిన గోంగూరల ఇసుకున్నది."

"కడుక్కోవే!" అన్నాను.

గోడ అవతల రాజక్క నవ్వు వినబడింది.