ఊపిరి తగిలిన మంచు

ఊపిరి బిగబట్టి, పెసరగింజంత రాగి జల్లెడను ట్వీజర్స్‌తో పట్టుకున్నాడాయన. దాని మీద ప్రొటీన్ చుక్క వేసి, కాగితంతో తడి అద్ది, ఎముకలు కొరికే చల్లటి ద్రవంలో గభాలున ముంచాలి. చుక్క గాజులాంటి పలచటి మంచుగా గడ్డకడితేనే మైక్రోస్కోపులో అణువు బొమ్మ తేటగా వస్తుంది. మందమైతే మసక. నోటి ఆవిరి తగిలిందా, ఇక బొమ్మ నిండా నలుసులే. అందుకే ఆ గదిలో మాస్కు లేకుండా ఎవరూ వంగరు.

చలికి పగిలిన వేళ్లు, నెరిసిన మీసం, పెళ్లీ పెటాకులూ లేని బతుకు. ల్యాబులో పిల్లలు వెనకాల 'మంచు మావయ్య' అనుకుంటారు. బొమ్మ బాగుందని ఎవరైనా అంటే చాలు, ఆ పూటకి ఆయన కడుపు నిండిపోతుంది.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఇంట్లో ఉండేదీ వాళ్లిద్దరే.

"ఒరేయ్, ఒంట్లో అదోలా ఉందిరా. కాసేపొచ్చి నా దగ్గర కూర్చో."

"డాక్టర్ని పంపనా?"

"డాక్టరెందుకూ? నువ్వు రా, చాలు."

"ఈ ఒక్కటీ మైక్రోస్కోపులో ఎక్కించేసి వచ్చేస్తా అక్కా."

"నీ ఒక్కటి సంగతి నాకు తెలీదూ!" అని నవ్వింది.

ఫోన్ కోసం గడ్డం కిందకి లాగిన మాస్కు అక్కడే ఉండిపోయింది. అక్క మాటే తలుచుకుంటూ జల్లెడ ఉన్న చల్లటి నైట్రోజన్ గిన్నె మీదకి వంగి, ఉస్సురని నిట్టూర్చాడు. తీరా మైక్రోస్కోపులో చూస్తే తెర నిండా ఉప్పు చల్లినట్టు మంచు నలుసులు.

"పోనీలెండి సార్, రేపు చేద్దాం. మీరు ఇంటికెళ్లండి" అంది పరిశోధన చేసే అమ్మాయి.

"తప్పు నాదమ్మా. సరిచేసే పోతాను."

మళ్లీ చుక్క, మళ్లీ అద్దడం, మళ్లీ ముంచడం. మైక్రోస్కోపులో జల్లెడ కదలిక సద్దుమణిగే దాకా కాచుకోవడం, లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. పొద్దు వాలాక అణువు మెలికలన్నీ విడివిడిగా కనిపించాయి. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన మురిసిపోయాడు కూడానూ.

ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ పక్క కుర్చీలో తల వాల్చి ఉంది.

"వచ్చేశానక్కా."

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఊపిరి తగల్లేదు. చెయ్యి పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. పాడు బొమ్మ! రేపు తీస్తే ఏం కొంప మునిగేది? ఆ అమ్మాయి ఇంటికి పొమ్మన్నా పోలేదే! నోరు నొక్కుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ పక్కనే ఇంకో కుర్చీ లాగి ఉంది, మోకాళ్లు తగిలేంత దగ్గరగా. రోజూ తన వెనక పెట్టుకునే దిండు తీసి, తమ్ముడి కోసం దాన్లో వేసి ఉంచింది. దిండు మధ్యలో ఎన్నేళ్లుగానో ఆవిడ నడుము చేసిన పల్లం అలాగే ఉంది.