ముందే చెప్పిన సాక్ష్యం

యారాడలో తమ్ముడు కోటి సముద్రంలో చేపల వేటకెళ్ళి శవమై ఒడ్డుకు చేరినప్పటినుంచి అర్జునరావు మంచం దిగలేదు. కూర్మన్నపాలెంలోని ఒంటిగది ఇంట్లో గోడవైపు తిరిగి పడుకోవడమే పని. మాత్రలు మింగడు, పెడితే తినడు.

శుక్రవారం మాత్రం మనిషయ్యేవాడు. ఆ రోజు చర్చి సంఘంలోని ఆడవాళ్ళు వాళ్ళింట్లో ప్రార్థనకు, గృహకూడికకు వచ్చేవారు. చాపమీద కూర్చుని పాట ఎత్తుకుంటే, మర్యాదకోసమైనా లేచి కూర్చునేవాడు. వాళ్ళతోపాటు టీ తాగేవాడు. ఆ గ్లాసుడు టీ కోసమే అతని భార్య అనూరాధ వారమంతా ప్రాణం ఉగ్గబట్టుకుని బతికేది.

దాన్ని చేజేతులా చెడగొట్టుకుంది పిచ్చిది. ప్రార్థనలో అడిగింది దక్కకముందే దక్కిందని సాక్ష్యం చెప్పడం ఆ సంఘంలో అలవాటు. కాకపోతే ముందు “విశ్వాసంతో చెబుతున్నాను” అంటారు. ఆ మాట అంటే దేవుణ్ణి అనుమానించినట్టేనని ఈవిడకు తోచింది. “భారం ఆయనమీద వేశాక వెనక్కి చూడకమ్మా” అని పాస్టరుగారు చెప్పారాయె. ఆదివారం మైకు పట్టుకుని, “మా ఆయన్ని దేవుడు లేపాడు” అనేసింది.

చప్పట్లు, స్తోత్రాలు. లేచినవాడి ఇంట్లో ఇక కూడిక దేనికి? శుక్రవారం కూడిక వేరే వీధిలో మరో రోగి ఇంటికి మారింది.

“ఆళ్ళు రారేటి?” అన్నాడు అర్జునరావు, చాప ఖాళీగా ఉండడం చూసి.

“వత్తారు” అంది అనూరాధ.

రాలేదు. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు. మంచినీళ్ళు కూడా బతిమాలి తాగించాల్సి వచ్చేది. నిజం చెబుదామంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టవుతుందని భయం. పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని, “నీమీదే ఏసేను కదా ప్రభువా, మరి నా నడుమెందుకు ఇరిగిపోతంది?” అని ఏడ్చేది.

ఒకరోజు కూరగాయల బండి దగ్గర, ఆ కూడికల్లో పాట ఎత్తుకునే కాంతమ్మ ఎదురైంది. “మీ ఆయన డూటీకెళ్తన్నాడా?” అంది నవ్వుతూ.

“నేదు పిన్నీ. ఆయన మంచంమీంచి నెగనేదు. నాను అబద్ధం సెప్పాను.”

కాంతమ్మ నవ్వు ఆగిపోయింది. “ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోత్తన్నావేటే?” అని, కూరల సంచీతో సరాసరి వాళ్ళింటికి వచ్చి కూర్చుంది. పాట కూడా ఎత్తుకుంది. అర్జునరావు లేవలేదు.

“ఏటని ప్రార్థన సెయ్యమంటావు?” అంది చివరికి.

“ఏటీ అడగొద్దు పిన్నీ. నాను అలిసిపోయానని సెప్పు. అంతే.”

“ప్రభువా, ఈ పిల్ల అలిసిపోయింది” అంది కాంతమ్మ.

గోడవైపు తిరిగి ఉన్న అర్జునరావు వీపు ఎగిరెగిరి పడింది. కోటి పోయాక అతను ఏడవడం అదే మొదలు. లేచి వెళ్ళి పట్టుకోవాలనుకుంది అనూరాధ. లేవలేకపోయింది.