రంగు వేయని చోటు

అత్తగారి కారులో పెట్రోలు ముల్లు ఏడాదిగా సున్నా మీదే కూర్చుంది. ట్యాంకు నిండా పోయించినా అంతే, అడుగంటినా అంతే. అలిగిన చంటిపిల్లలా ఎంత బుజ్జగించినా కదిలేది కాదు. అత్తగారు దాని వంక చూడటమే మానేసింది. ఎన్ని లీటర్లు పోయించిందో, ఎంత దూరం తిరిగిందో షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో గీసుకుని నెట్టుకొచ్చింది.

బుధవారం కురిసిన వాన ఆ గీతల్ని కడిగేసింది. గురువారం రైలుగేటు ఎత్తగానే పెట్రోలు అయిపోయి కారు పట్టాలకు పదడుగుల ఇవతల ఆగిపోయింది. వెనక బండ్లవాళ్ళు హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగించి, చివరికి వాళ్ళే దిగి పక్కకు తోశారు.

సాయంత్రం పెట్రోలు పోయించి బండిని ఇంటికి చేర్చాక, కొడుకు తాళం తన జేబులో వేసుకున్నాడు.

"ఆ పదడుగులు దాటాక ఆగుంటే ఏమయ్యేదమ్మా? ఆదివారం సాయంత్రం లోగా ముల్లు లేస్తే తాళం ఇస్తాను. లేకపోతే బండి అమ్మేద్దాం. నువ్వు ఆటోలో తిరుగు."

"ఆటోలో నిచ్చెన ఎక్కడ పెట్టనురా? నీ నెత్తి మీదా?"

అరవై ఏడేళ్ళ అత్తగారిది బోర్డులు రాసే పని. నలభై ఏళ్ళ నాటి ఆ కారు పైన నిచ్చెన, వెనక రంగుడబ్బాలు పెట్టుకుని, తనే నడుపుకుంటూ పోయి, దుకాణాలకు పేర్లు రాసి వస్తుంది. కారు పోతే పనీ పోతుంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆవిడ రెండోసారి వడ్డించుకోలేదు. కోడలు అది గమనించింది.

కోడలు ముందుగదిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తుంది. కారు మీద ఎన్నడూ చెయ్యి వేసినది కాదు.

"ఫ్యానైనా కారైనా కరెంటు కరెంటే కదే అమ్మాయ్. నువ్వొకసారి చూడు" అంది అత్తగారు, ఎటో చూస్తూ.

ఆదివారం పొద్దున్నే భర్త దగ్గర తాళం అడిగి తీసుకుని, షెడ్డు తలుపులు బార్లా తెరిచి కోడలు పనిలోకి దిగింది. ట్యాంకులోకి పొడుగాటి పుల్ల దించి తీసింది. సగానికి తడిసింది. అంటే పెట్రోలు సగం ఉంది. తాళం తిప్పి చూస్తే ముల్లు సున్నా మీదే ఉంది. డిక్కీలో పరిచిన పట్టా ఎత్తితే ట్యాంకు పైభాగం కనబడింది. అక్కడి నుంచి ముల్లుకు వెళ్ళే తీగ ఊడదీసి, దూరంగా లాగి, కారు రేకుకు తాకించింది.

"లేచిందే! లేచింది!" ముందు సీట్లోంచి అత్తగారు కేకపెట్టింది. "నిండుగా చూపిస్తోంది!"

"అయితే ముల్లూ తీగా మంచివే అత్తయ్యా. తంటా ట్యాంకు దగ్గరుంది."

"కొత్త ముల్లు వేయించినా లేవలేదని, దాన్ని అమ్మినవాణ్ణి ఏడాదిగా తిడుతున్నాను. పాపం!"

"ఆయన దాకా వినబడి ఉండదులే" అన్నాడు కొడుకు గుమ్మంలోంచి. "ట్యాంకులో వస్తువు పాడైతే ఇక ఆశ వదులుకోండి. ఈ బండికి అవి ఎక్కడా దొరకవు."

కోడలు కారు తాళం తీసేసింది. ట్యాంకు పైనున్న మరల మీద పేరుకున్న బూడిదరంగును స్క్రూడ్రైవరు మొనతో గీకి, ఒక్కొక్కటీ విప్పింది. ట్యాంకులోంచి పెట్రోలు మట్టాన్ని కొలిచే కడ్డీని పైకి తీసింది. దాని చివర పెట్రోలు మీద తేలే చిన్న రేకుడబ్బా ఉంది. రంధ్రానికి గుడ్డ కప్పి, కడ్డీని పెరట్లోకి తీసుకెళ్ళి, ఫ్యాన్లకు వాడే మీటరు తగిలించింది. డబ్బాను పైకెత్తితే అంకె మారింది, దించితే మళ్ళీ మారింది. ఎక్కడా తడబడలేదు.

"ఇదీ మంచిదే" అంది తనలో తాను.

మళ్ళీ బిగించింది. తాళం తిప్పింది. సున్నా.

మధ్యాహ్నమైంది. అత్తగారు మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "పోనీలే తల్లీ, ఆటోలు లేవూ?" అంది. ఆ గొంతు ఆవిడది కాదనిపించింది. కోడలు గ్లాసు అందుకోబోయి ఆగిపోయింది. తన బొటనవేలి గోరు కింద బూడిదరంగు పెచ్చు ఇరుక్కుని ఉంది.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ళుగా తను మర విప్పే ముందు రంగు గీకుతూనే ఉంది. స్విచ్చుబోర్డు మరలు గోడరంగులో కలిసిపోయి ఉంటాయి. వంటింటి కిటికీ రెక్క రంగుకు అతుక్కుపోయి అసలు తెరుచుకోదు. అత్తగారి కుంచె వదిలిన చోటు ఆ ఇంట్లో లేదు. అలవాటుపడిన చెయ్యి పొద్దున కూడా గీకేసింది గానీ, మనసు పట్టించుకోలేదు.

"అత్తయ్యా, పోయినేడు కారుకు రంగు వేసినప్పుడు ట్యాంకు కూడా దింపారా?"

"దింపకుండా? తుప్పంతా గీకి, పైనా కిందా, బోల్టుల కింద కూడా మూడు పూతలు వేశాను. రంగు వేస్తే అలా వెయ్యాలి!"

కోడలు చిన్న తీగముక్క తీసి, ఒక కొన ఆ కడ్డీ మూత అంచుకూ, రెండోది కారు రేకుకూ తగిలించింది. భర్తను తాళం తిప్పమంది. ముల్లు ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా లేచి సగం దగ్గర ఆగింది.

"కరెంటు తిరిగి పోవాలంటే ట్యాంకు రేకూ కారు రేకూ ఒకదాన్నొకటి తాకాలి అత్తయ్యా. మధ్యలో..." ఎలా చెప్పాలో తెలియక గోరు చూపించింది.

అత్తగారు ఆ వేలు పట్టుకుని పెచ్చును దగ్గరగా చూసింది.

"నేనేనా?"

"మీరేనండీ."

"మూడు పూతలకేనా?"

"నాలుగున్నాయి."

అత్తగారు పగలబడి నవ్వింది. కొడుకు నోరు తెరవబోతే, "నువ్వు మాట్లాడకు, తాళం ఇలా తే" అని చెయ్యి చాపింది. అతను ముల్లును రెండుసార్లు చూసుకుని, నవ్వు ఆపుకుంటూ ఇచ్చేశాడు.

కోడలు కడ్డీ మూత అంచు దగ్గరా, ట్యాంకు బోల్టు కింద కారు రేకు మీదా రూపాయిబిళ్ళంత మేర తళతళలాడేలా రుద్దింది. ఆ రెండింటినీ తీగతో కలిపి బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాసింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తగారు కుంచె పట్టుకుని డిక్కీలోకి వంగి ఉంది.

"అత్తయ్యా!"

"అరవకే, దాని జోలికి పోలేదు."

గీకిన చోటు పక్కన ఎర్రటి అక్షరాలు గుండ్రంగా నిలబడ్డాయి: 'ఇచ్చట రంగు వేయరాదు.'

"ఎవరికత్తయ్యా ఈ బోర్డు?"

"నాకే. ఇంకెవరు వేస్తారు?"

తాళం కొంగున ముడేసుకుని కూడా ఆవిడ వెంటనే బయలుదేరలేదు. అక్షరాలు ఆరేదాకా డిక్కీ మూయనివ్వలేదు.